ఏడ్చే దిక్కులేని చావు

కోడి చచ్చిపోతే ఏడ్చే ఆచారం మనకు లేదు. ఆవు పోతే పసుపు కుంకుమలతో పూడ్చే ఇళ్లున్నాయి. కోతి పోతే చందాలేసుకుని ఊరేగించి, గుడి కట్టిన ఊళ్లున్నాయి. కాకికి పిండం పెట్టి, అది ముట్టేదాకా ఆకలితో నిలబడతాం. కోడి మాత్రం కోసుకోవడానికే పుట్టిందని ఏనాడో తేల్చేసుకున్నాం. అందుకే అది కత్తికి కాక జబ్బుకు చస్తే మన నోటికొచ్చే మొదటి మాట నష్టం. లక్ష కోళ్లు పోయాయంటే ఎన్ని రూపాయలు పోయాయని అడుగుతాం. వేల ఏళ్లు మనిషి గుమ్మం ముందు తిరిగిన ప్రాణి ఆ మనిషి నీడలోనే ఎలా కూలిపోయిందని అడిగేవాళ్లు లేరు.

హైదరాబాద్ పాతబస్తీలోని జహనుమాలో ఫజర్ నమాజుకు ముందే కోళ్ల బండ్లు వస్తాయి. ఇంజిన్ బౌలి నుంచి ఫలక్‌నుమా దాకా రోడ్డుకు రెండు వైపులా ఉన్న చికెన్ దుకాణాల ముందు ఆగి, జాలీలు దించి వెళ్లిపోతాయి. ఒక్కసారి ఆ జాలీ దగ్గర వంగి చూడండి. తెల్ల ఈకల బ్రాయిలర్ కోడి. పొట్ట కింద ఈకలు రాలిపోయి ఎర్రటి చర్మం కనిపిస్తుంది. రెండు కిలోలు దాటిన ఒంటిని మోసే బలం కాళ్లకు లేక కూర్చునే ఉంటుంది. దాని వయసు ఆరు వారాలు. అంత ఒళ్లున్నా అది ఇంకా కోడిలా అరవదు, పిల్లలా కియ్ కియ్ మంటుంది. కూత నేర్చే వయసు దానికి రాదు. దుకాణం కుర్రాడు రెండు కాళ్లూ కలిపి పట్టి తలకిందులుగా లేపి, తూకం వేసి, బిస్మిల్లా చెప్పి కత్తి ఆడించి నీలం డ్రమ్ములో వేస్తాడు. డ్రమ్ములో రెక్కలు కొట్టుకునే చప్పుడు కాసేపు వినబడుతుంది. కొనేవాళ్లు ఆ కాసేపూ ఫోన్ చూసుకుంటారు.

అదే గల్లీలో నాలుగిళ్ల అవతల ఇంకో కోడి ఉంటుంది. మంచం కోడుకు కాలికి తాడుతో కట్టిన అసీల్ పుంజు. పొడుగు మెడ, బిగిసిన తొడలు, నిప్పులాంటి కన్ను. దానికి బాదం పప్పు నానబెట్టి పెట్టేవాళ్లున్నారు, చలికాలం గోనె కప్పేవాళ్లున్నారు. పాతబస్తీలో ఈ ముచ్చట నవాబుల నాటిది. చార్మినార్ పక్కన మహబూబ్ చౌక్‌ను జనం నేటికీ ముర్గీ చౌక్ అనే పిలుస్తారు. అసీళ్లు, పావురాలు, బటేర్లనే కౌజు పిట్టలు, బాతులు అక్కడ పక్కపక్క బోనుల్లో అమ్ముడుపోతూ తరాలు గడిచాయి. ఆ పుంజుకు పేరుంటుంది, వంశం ఉంటుంది, దాని తండ్రి ఎక్కడ గెలిచిందో చెప్పే యజమాని ఉంటాడు. జాలీలో ఉన్నదానికి మాత్రం కిలో రేటు ఒక్కటే ఉంటుంది.

ఈ రెండింటి మూలపురుషుడూ ఒకడే. ఆగ్నేయాసియా వెదురు తోపుల్లో తిరిగిన ఎర్ర అడవికోడి. ఏడాదికి పది పన్నెండు గుడ్లు పెట్టి, పొదిగి, గద్ద నీడ పడితే పిల్లల్ని రెక్కల కిందికి లాక్కునేది. మన ముంగిళ్లలోకి వచ్చాక నాటుకోడి అయింది. కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకున్న ముసలమ్మ కథ చెప్పుకుని తరతరాలుగా నవ్వుకున్నాం. ఆ ముసలమ్మ మీద నాకు గౌరవం పెరుగుతూ వస్తోంది. ఆమెకు తన కోడి ముఖం తెలుసు.

తర్వాత కోడి షెడ్డులోకి వెళ్లింది. ఈ మలుపును తిట్టిపోయడం సులువు, న్యాయం కాదు. హైదరాబాద్‌లో కోళ్ల పెంపకం మొదలుపెట్టి దేశమంతా విస్తరించిన బి.వి. రావు, రైతులను కూడగట్టి 1982లో గుడ్ల సమన్వయ కమిటీ పెట్టారు. అంతకుముందు గుడ్డు ధర వ్యాపారి నోట్లో ఉండేది. ఆ తర్వాత రైతే ధర చెప్పడం మొదలైంది. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే మొదటి స్థానానికి వచ్చింది. బడిలో మధ్యాహ్నం పిల్లల కంచంలో గుడ్డు పడుతోందంటే ఆ షెడ్ల పుణ్యమే. అడవికోడి పది గుడ్లు పెట్టిన చోట బీవీ 300 అనే లేయర్ కోడి మూడు వందలు పెడుతుంది. కానీ ఆ మూడు వందల కోసం దాన్ని రెక్క పూర్తిగా చాపలేని బోనులో నిలబెట్టాం. దాని పక్కన అచ్చంగా దానిలాంటిదే ఇంకొకటి, ఆ పక్కన ఇంకొకటి. ఒకే వంశం, ఒకే వయసు, ఒకే రక్తం. లక్ష కోళ్లున్న ఫారంలో లక్ష ప్రాణాలున్నా జబ్బుకు మాత్రం ఒక్క కోడే లక్షసార్లు కనిపిస్తుంది. కోడి అప్పటికే సగం ఓడిపోయింది. శత్రువు మాత్రం ఇంకా రాలేదు.

ఆ శత్రువు పుట్టుక నీళ్లలో ఉంది. జహనుమాకు పడమటి వైపు జూపార్కును ఆనుకుని మీర్ ఆలం చెరువు, ఇరవై ఒక్క వంపుల రాతికట్ట. చలికాలం దక్కను చెరువుల మీద సైబీరియా, మధ్య ఆసియా నుంచి వచ్చిన సూదితోక బాతులు వాలతాయి. ఇలాంటి నీటిపక్షుల పేగుల్లో ఇన్‌ఫ్లుయెంజా ఎ అనే ఫ్లూ వైరస్ ఎంత కాలంగా బతుకుతోందో లెక్క కట్టడం కష్టం. బాతుకు దానివల్ల పెద్దగా హాని లేదు. వైరస్ రెట్టతో నీళ్లలోకి వస్తుంది, చల్లటి నీళ్లలో వారాల తరబడి నిలుస్తుంది, ఇంకో బాతు ఆ నీళ్లు తాగుతుంది. చంపితే దారి మూసుకుపోతుంది. బాతు ఎగరాలి, ఇంకో చెరువు చేరాలి, అప్పుడే వైరస్‌కు మనుగడ. లక్షల ఏళ్ల కాపురంలో కుదిరిన ఒప్పందం అది.

ఈ సంగతి మనిషికి తెలిసింది ఈ మధ్యనే. 1961లో దక్షిణాఫ్రికా తీరంలో రేవుపక్షులు గుంపులుగా చచ్చిపడితే వాటిలో ఈ జాతి వైరస్ దొరికింది. కొన్నేళ్లకు రాబర్ట్ వెబ్‌స్టర్, గ్రేమ్ లేవర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆస్ట్రేలియా తీరంలో నడుస్తూ, అలలకు కొట్టుకొచ్చిన సముద్రపక్షుల కళేబరాలు చూశారు. ఇవీ అందుకే చచ్చాయేమోనన్న అనుమానంతో గ్రేట్ బారియర్ రీఫ్ దీవులకు వెళ్లి బతికున్న పక్షుల నుంచి నమూనాలు తీశారు. ఫ్లూ అనేది మనిషి జబ్బు అనుకున్న లోకానికి, అది ముందు నీటిపక్షుల సొత్తని, మనం మధ్యలో తగిలినవాళ్లమని అలా తేలింది.

వైరస్ కథంతా పదమూడున్నర వేల అక్షరాల్లో రాసి ఉంటుంది. ఆ రాత ఒకే ముక్కగా కాక ఎనిమిది విడి ముక్కలుగా ఉంటుంది. దాని బలం ఈ రెండు విషయాల్లోనే ఉంది. రాతను నకలు తీసేటప్పుడు తప్పులు దిద్దే ఏర్పాటు దానికి లేదు. ప్రతి నకలులో ఒకటో రెండో అక్షరాలు తప్పుతాయి. చాలా తప్పులు దాన్నే చంపుతాయి. ఎప్పుడో ఒకటి దానికి కలిసొస్తుంది. ఇక రెండు వేర్వేరు ఫ్లూ వైరస్‌లు ఒకే పక్షి కణంలో కలిస్తే, బయటికొచ్చే సంతానం ఇటువి కొన్ని ముక్కలు, అటువి కొన్ని ముక్కలు పట్టుకుని వస్తుంది. తప్పుల దారిలో ఏళ్లు పట్టే మార్పు ఈ కలయికలో ఒక్క రాత్రిలో జరిగిపోతుంది. పైన హెచ్ అనే ప్రోటీన్, ఎన్ అనే ప్రోటీన్ ఉంటాయి. హెచ్ లోపలికి చొరబడటానికి, ఎన్ బయటపడటానికి. హెచ్5ఎన్1 అన్న పేరు వాటి రకాల సంఖ్య, అంతే.

బాతు కడుపులో సాధువుగా ఉన్నది కోళ్ల షెడ్డులో హంతకిగా ఎలా మారిందన్నదే ఈ గాథకు ఆయువుపట్టు. హెచ్ ప్రోటీన్ పనిచేయాలంటే దాన్ని ఒక చోట కోయాలి. ఆ కోసే పని వైరస్‌కు చేతకాదు, పక్షి ఒంట్లోని ఎంజైమ్ చేసిపెట్టాలి. మామూలు వైరస్ తాళానికి సరిపోయే చెవి పేగుల్లోనూ ఊపిరి గొట్టాల్లోనూ మాత్రమే ఉంటుంది. కనుక జబ్బు అక్కడే ఆగిపోతుంది. హెచ్5, హెచ్7 రకాల్లో మాత్రం ఆ కోత పడే చోట ఆర్జినిన్, లైసిన్ అనే అమైనో ఆమ్లాలు అదనంగా వచ్చి చేరే ప్రమాదం ఉంది. చేరాయంటే ఇంట్లో ఉన్న ప్రతి చెవీ ఆ తాళానికి సరిపోతుంది. గుండె, మెదడు, కాలేయం, కండ, ఎక్కడైనా వైరస్ పెరుగుతుంది. ఈ మార్పు తెలిసినంతవరకు దాదాపు ఎప్పుడూ కోళ్ల మందల్లోనే జరిగింది. చెరువు మీద బాతును చంపిన వైరస్ అక్కడితో ఆగిపోతుంది. షెడ్డులో కోడిని చంపినా దానికి నష్టం లేదు, జానెడు దూరంలో ఇంకో కోడి ఉంది.

అందుకే పత్రికల్లో ఏటా చలికాలం కనిపించే మాట ఒకటి నాకు మింగుడుపడదు. వలస పక్షులు జబ్బు మోసుకొచ్చాయంటారు. మోసుకొచ్చిన మాట నిజమే. కానీ వాటి మీద ఆ మూట పెట్టిందెవరు?

1996లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో ఒక పెద్దబాతుల ఫారంలో జబ్బు లేచింది. నేడు ప్రపంచాన్ని చుట్టిన హెచ్5 వంశమంతా ఆ ఫారం పక్షి దగ్గర మొదలైందే. మరుసటి ఏడు అది హాంకాంగ్ చేరేసరికి వేషం మార్చింది. పై కోటు పెద్దబాతుది, లోపలి ముక్కల్లో కొన్ని అంగళ్లలో అమ్మే బటేరు పిట్టల్లోని హెచ్9ఎన్2 వైరస్‌కు దగ్గరివి. కోడి, బాతు, బటేరు ఒకదాని మీద ఒకటి బోనుల్లో ఉండే సజీవ పక్షుల బజార్లు ఆ సంపర్కానికి ఇల్లయ్యాయి. 1997 మేలో మూడేళ్ల బాబు చనిపోయాడు. ఆ ఏడాది చివరికి పద్దెనిమిది మందికి సోకి ఆరుగురు పోయారు. పక్షి ఫ్లూ నేరుగా మనిషిని చంపగలదని లోకానికి అప్పుడు తెలిసింది. డిసెంబరు ఆఖరున హాంకాంగ్‌లోని కోళ్లన్నిటినీ, పది లక్షలకు పైగా, కొద్ది రోజుల్లో చంపేశారు. తర్వాత బటేర్లను బజారు నుంచే తప్పించారు. ముర్గీ చౌక్ బోనుల ముందు నిలబడిన ప్రతిసారీ నాకు ఆ సంగతి గుర్తొస్తుంది.

ఇక ఆకాశం వంతు. తల మీద రెండు నల్ల పట్టీలుండే పెద్దబాతు ఒకటుంది. హిమాలయాల మీదుగా, మనిషికి ఊపిరాడని ఎత్తులో ఎగిరి, చలికాలం మన దక్కను చెరువుల దాకా వచ్చే పక్షి. వేసవికి టిబెట్ పీఠభూమికి వెళ్లి గుడ్లు పెడుతుంది. 2005 మేలో చైనాలోని చింగ్‌హై సరస్సు ఒడ్డున ఆ బాతులు మెడలు వంకర్లు పోయి, తూలి, నీళ్లలో తిరుగుతూ చచ్చాయి. అన్ని జాతులూ కలిపి ఆరు వేలకు పైగా అడవిపక్షులు పోయాయి, ఎక్కువ భాగం ఈ పెద్దబాతులే. నీటిపక్షుల నుంచి కోళ్లకు మెతకగా వచ్చిన వైరస్, షెడ్లలో కత్తి నూరుకుని తిరిగి నీటిపక్షుల దగ్గరికే చేరింది. ఆ బాతులకు అది కొత్త జబ్బు. వాటి పేగుల్లో నిద్రపోయే పాత చుట్టం కాదు. ఎవరెస్టు చలిని తట్టుకున్న రెక్కలు ఒక సరస్సు ఒడ్డున కూలిపోయాయి. ఈ గాథలో నన్ను ఎక్కువగా కలచివేసే పతనం ఇదే. కోడి పతనంలో మన ఆకలైనా ఉంది. ఆ బాతులు మనల్నేమీ అడగలేదు, మనకేమీ బాకీ లేవు.

చింగ్‌హై వైరస్ కొద్ది నెలల్లో ఐరోపాకు, ఆఫ్రికాకు పాకింది. 2006 ఫిబ్రవరి 18న మహారాష్ట్ర నందుర్బార్ జిల్లా నవాపూర్ ఫారాల్లో హెచ్5ఎన్1 ఉందని కేంద్రం ప్రకటించింది. మన దేశంలో అదే మొదటిసారి. తెలుగు నేల మీద అప్పటికి ఒక్క కోడికీ ఆ జబ్బు లేదు. అయినా హైదరాబాద్‌లో చికెన్ ధర పాతాళానికి పడిపోయింది. వైరస్ రాకముందే వార్త వచ్చి రైతును కొట్టింది.

వైరస్ వచ్చింది తొమ్మిదేళ్లకు. 2015 ఏప్రిల్‌లో రంగారెడ్డి జిల్లా హయత్‌నగర్ మండలం తొర్రూరులో. పాతబస్తీ నుంచి బండి మీద గంటలోపు దారి. చలికాలం పోయి ఎండలు ముదిరిన రోజులవి. ఎండకు వైరస్ నిలవదన్న ధీమా కూడా అక్కడ నిలవలేదు.

లేయర్ ఫారంలో ఈ జబ్బు దిగే తీరు అన్ని చోట్లా ఒకటే. ముందు మేత తగ్గుతుంది. గుడ్లు తగ్గుతాయి, పెట్టినవి తోలుగుడ్లు. రైతు మోర్టాలిటీ పుస్తకంలో రోజూ రాసే అంకె కొంచెం పెరుగుతుంది. ఎండదెబ్బ అనుకుంటారు, లేదా కొక్కెర తెగులు అనుకుంటారు. మందుల దుకాణానికి ఫోన్ వెళుతుంది. మరునాటికి ఆ అంకె రెండింతలు, ఆ మరునాటికి పదింతలు. తలలు ఉబ్బుతాయి. ఎర్రగా నిలబడాల్సిన జుట్టు నీలం తిరిగి వాలిపోతుంది. ఈకలు లేని కాళ్ల మీద చర్మం కింద రక్తం చిమ్మిన మచ్చలు పడతాయి. ముక్కు నుంచి తీగ సాగుతుంది. కొన్ని కోళ్లకు ఏ లక్షణమూ ఉండదు, మేత తొట్టి మీదికి మెడ చాచి అలాగే ఒరిగిపోతాయి. వేల పెట్టలున్న షెడ్డు ఎప్పుడూ హోరెత్తుతూ ఉంటుంది. రైతు ఆ హోరులోనే నిద్రపోతాడు, అందులో కాస్త తేడా వచ్చినా మెలకువ వస్తుంది. జబ్బు దిగిన రెండో రాత్రి ఆ హోరు ఆగిపోతుంది. కోళ్ల రైతులను ఎవరిని కదిపినా ముందు ఈ మాటే చెబుతారు.

తొర్రూరు నమూనాలు భోపాల్‌లోని హై సెక్యూరిటీ పశువ్యాధుల ప్రయోగశాలకు వెళ్లాయి. హెచ్5ఎన్1 అని తేలింది. ఇక ఆ తర్వాత జరిగేదంతా ప్రభుత్వ నిబంధనల్లో ముందే రాసి ఉంది. ఫారం చుట్టూ కిలోమీటరు మేర రోగ ప్రాంతం, పది కిలోమీటర్ల దాకా నిఘా. కిలోమీటరులోపు ఉన్న పక్షి ఏదైనా, జబ్బున్నా లేకపోయినా, చావాలి. తెల్లటి రక్షణ దుస్తులు, కళ్లద్దాలు, మాస్కులు వేసుకుని పశుసంవర్ధక శాఖ సిబ్బంది దిగారు. నిలువెత్తు గుంతలు తవ్వారు. ఒక్కో కోడిని బోనులోంచి లాగి, మెడ విరిచి, సంచుల్లో వేసి, గుంతలో పరిచి సున్నం చల్లారు. లక్షకు పైగా కోళ్లు. గుడ్లు, దాణా, ట్రేలు అన్నీ ఆ గుంతల్లోకే. ఏప్రిల్ ఎండలో ఆ ప్లాస్టిక్ దుస్తుల్లో పనిచేసిన కూలీల, సిబ్బంది గురించి ఎవరూ రాయలేదు. వాళ్లకు ఫ్లూ మాత్రలిచ్చి రోజుల తరబడి జ్వరం చూస్తారు. రోజంతా బతికున్న మెడలు విరిచిన చేతులకు రాత్రి అన్నం ఎలా సహిస్తుందన్నది ఏ నిబంధనలోనూ లేదు.

లక్షల్లో చావు మొదలైన ఊళ్లో ఒక ముసలామె పెరట్లో నాలుగు నాటుకోళ్లుంటాయి. కిలోమీటరు గీతలో ఆ పెరడు పడితే అవీ గుంతకే. ఆ నాలుగూ ఆమె మనవడి పుస్తకాల ఖర్చు, పండుగ పూట కూర, సాయంత్రం గూడు మూసేటప్పుడు పలకరించే తోడు. ఫారం యజమాని అప్పు చేసైనా మళ్లీ షెడ్డు నింపుతాడు. పెరటి కోడి వంశం అలా తెగితే మళ్లీ అతకదు. దేశీ కోడి నెమ్మదిగా కనుమరుగవుతున్న కారణాల్లో ఈ గీత కూడా ఒకటని నా నమ్మకం.

జబ్బు ఫారం నుంచి ఫారానికి రెక్కల మీద వెళ్లడం తక్కువ. అది చక్రాల మీద వెళుతుంది. కడగని గుడ్డు ట్రేల మీద, దాణా బస్తాల మీద, చచ్చిన కోళ్లను ఏరిన కూలీ చెప్పుల మీద, పొలాలకు అమ్మిన కోళ్ల ఎరువులో వెళుతుంది. కాలువలో పారేసిన కళేబరాన్ని పొడిచిన కాకి నోటిలో వెళుతుంది. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో కనిపించింది. 2025 మొదట్లో గోదావరి జిల్లాల్లో కోళ్లు గుట్టలుగా చస్తుంటే, తూర్పు గోదావరి జిల్లా కానూరు అగ్రహారంలోనూ, పశ్చిమ గోదావరి జిల్లా తణుకు మండలం వేల్పూరులోనూ హెచ్5ఎన్1 అని ఫిబ్రవరిలో భోపాల్ తేల్చింది. తెలంగాణ సరిహద్దు చెక్‌పోస్టుల్లో ఆంధ్ర నుంచి వచ్చే కోళ్ల బండ్లను వెనక్కి తిప్పింది. రంజాన్‌కు ఇంకా వారాలే ఉన్నాయి. ఏడాది మొత్తంలో పాతబస్తీ దుకాణదారు నాలుగు రూపాయలు కళ్లచూసే నెల అది. జహనుమా దుకాణాల ముందు కొనేవాళ్లు ఆగి, “భాయ్, మాల్ ఎక్కడిది?” అని అడిగి, జవాబు వినకుండానే వెళ్లిపోయారు. రోజుకూలీకి కోళ్లు కోసే కుర్రాళ్లు ముందు ఇంటికెళ్లారు. బాగా ఉడికిన మాంసంలో, డెబ్బై డిగ్రీల వేడిలో ఈ వైరస్ బతకదు. ఆ మాట చెప్పడానికి పరిశ్రమవాళ్లు మేళాలు పెట్టి ఉచితంగా చికెన్ వండి వడ్డించారు. జనం వరసల్లో నిలబడి తిన్నారు. మర్నాడు మళ్లీ కొనలేదు.

ఆ మార్చి 16న మంగళగిరి ఎయిమ్స్‌లో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప చనిపోయింది. హెచ్5ఎన్1 అని పుణె జాతీయ వైరాలజీ సంస్థ నిర్ధారించింది. జబ్బు పడే ముందు పాప పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని అధికారుల విచారణలో తేలింది. తెలుగు నేల మీద ఈ వైరస్ తీసుకున్న మొదటి మనిషి ప్రాణం ఆ పసిది. దేశంలో అంతకుముందు, 2021లో, హర్యానా బాలుడొకడు ఢిల్లీ ఎయిమ్స్‌లో పోయాడు. కూరకు కోస్తుంటే పక్కన చేరి చేయి చాపే పిల్లలు ఏ ఇంట్లో లేరు? ఆ తల్లిని వేలెత్తి చూపిన వ్యాఖ్యలు చదివి నాకు కడుపు రగిలిపోయింది. ఆ ముక్క ఆ పళ్లెం దాకా రావడానికి గ్వాంగ్‌డాంగ్ నుంచి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. దారిలో ఆపాల్సినవాళ్లెందరో ఉన్నారు. చివరి అడుగు దగ్గర నిలబడిన ఆడమనిషి మీద నేరం మోపడం అన్యాయం.

ఇది మనిషి నుంచి మనిషికి ఇంకా సులువుగా పాకడం లేదు. పక్షి కణాల మీద అది పట్టుకునే చక్కెర కొక్కెం ఒక తీరుగా ఉంటుంది, మన ముక్కు గొంతుల్లో ఉండేది ఇంకో తీరు. పక్షి తీరు కొక్కేలు మనకు ఊపిరితిత్తుల లోతుల్లో ఉన్నాయి. అందుకే సోకడం అరుదు, సోకితే ప్రాణాంతకం. 2003 నుంచి 2025 దాకా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కకెక్కిన రోగులు తొమ్మిది వందల పైచిలుకు, అందులో దాదాపు సగం మంది చనిపోయారు. వైరస్ మాత్రం ఊరికే లేదు. 2021 చివర అట్లాంటిక్ దాటింది. 2023లో అర్జెంటీనాలోని వాల్డెస్ ద్వీపకల్పంలో ఏనుగు సీల్ పిల్లలు పదిహేడు వేల దాకా చనిపోయాయి. ఒక తరం మొత్తం ఇసుకలోనే పోయింది. 2024 మార్చిలో అమెరికాలో పాడి ఆవుల పొదుగుల్లో దొరికింది. అదే ఏడాది చివర మనకు పక్కనే, నాగపూర్ గోరెవాడలో మూడు పులులు, ఒక చిరుత పోయాయి. 2004లో థాయ్‌లాండ్‌లోని జూలో పచ్చి కోడిమాంసం తిన్న పులులు పదుల సంఖ్యలో చనిపోయిన సంగతి మన జూపార్కులవాళ్లకు తెలియనిది కాదు. జహనుమా పక్కనున్న నెహ్రూ జూలోనే 2021లో ఎనిమిది సింహాలకు మనిషి నుంచి కరోనా సోకిందని సీసీఎంబీ ప్రయోగశాల పరీక్షల్లో బయటపడింది. ఒంటి నుంచి ఒంటికి దూకడం వైరస్‌కు ఎంత చిన్న పనో ఈ చుట్టుపక్కల జనానికి ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇన్ని చావుల మధ్య నాకు బోధపడనిది ఒక్కటే. ప్రభుత్వం చంపిన కోడికి పరిహారం ఇస్తుంది, కేంద్రం సగం, రాష్ట్రం సగం. జబ్బుకు చచ్చిన కోడికి ఏమీ రాదు. మొదటి రోజు పది కోళ్లు పోయినప్పుడు ఫోన్ చేసే రైతు తన ఫారమే కాక కిలోమీటరులో ఉన్న చుట్టాల ఫారాలన్నీ గుంతలో కలుస్తాయని తెలిసే చేయాలి. పరీక్ష ఫలితం రావడానికి నమూనా భోపాల్ దాకా వెళ్లాలి. ఈలోగా చచ్చినవాటికి లెక్క లేదు. బ్యాంకు వాయిదా, దాణా కొట్టు బాకీ మాత్రం ఏ రోజుకారోజు పెరుగుతాయి. ఆ రెండు మూడు రోజుల్లో నిలబడి ఉన్న కోళ్లను సగం ధరకు తోలేయమని చెప్పే దళారీ ఒకడు ఫోన్‌లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటాడు. నిజాయితీకి శిక్ష వేసే పద్ధతి పెట్టుకుని రైతు నిజం దాచాడని అరవడం నాకు నచ్చదు. చచ్చిన కోడికీ డబ్బివ్వండి. మొదటి రోజు చెప్పినవాడికి ఎక్కువ, ఆలస్యం చేసేకొద్దీ తక్కువ. వైరస్‌కు ఆ రెండు మూడు రోజులు దక్కకుండా చేయగలిగిన ఖర్చు అది.

తొర్రూరు గుంతలు పూడ్చిన మరుసటి ఏడాది, 2016లో, మండలాల పునర్విభజన జరిగి ఆ ఊరు అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలోకి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో బర్డ్ ఫ్లూ మళ్లీ అదే మండలంలో ఒక ఫారంలో కనిపించింది. పశుసంవర్ధక శాఖవాళ్లు మళ్లీ వెళ్లారు. పద్ధతి మారలేదు, పరిహారం నియమమూ మారలేదు.